వివేకవరం బడి పైకొచ్చిన వైనం

వివేకవరం హైస్కూల్లో దేనికైనా కరువొచ్చిందేమో గానీ, తెలివికి మాత్రం ఎన్నడూ రాలేదు. బల్లలు చాలవు, తెలివుంది. సుద్దముక్కలుండవు, తెలివుంది. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అన్నది కాదు, ఆ బడి మాస్టార్లు వాళ్ళకి వాళ్ళే చెప్పుకునేది. హెడ్మాస్టరు పరాంకుశం గారైతే స్టాఫ్ రూము కిటికీలు తియ్యనిచ్చేవారు కాదు. "ఇంత తెలివి ఒక్క గదిలో పోగుపడి ఉంది. కిటికీ తీస్తే బయటికి పోదూ?" అనేవారు. మండువేసవిలోనూ అంతే. ఉక్కకి చెమటలు కారిపోతుంటే, "చూశారా, పట్టలేక పొంగుతోంది" అని కండువాతో తుడుచుకునేవారు.

లెక్కలు చెప్పే త్రిమూర్తులు మాస్టారు, తెలుగు చెప్పే సోమయాజులు పంతులుగారు, బంట్రోతు గుంపస్వామి. ఈ ముగ్గురూ ఆయనకి తగ్గవాళ్ళు. ఆ బడి మొత్తమ్మీద తెలివి లేదని వాళ్ళు తేల్చేసిన మనిషి ఒక్కరే, సైన్సు చెప్పే జైబున్నీసా టీచరు. ఎందుకంటే పిల్లలు ఏదైనా చిక్కు ప్రశ్న వేస్తే ఆవిడ, "నాకు తెలీదర్రా, కనుక్కుని రేపు చెప్తాను" అనేది. టీచరై ఉండి తెలీదనడమా! "ఇన్నేళ్ళ సర్వీసులో మేం ఒక్కసారైనా ఆ మాట అన్నామా?" అని త్రిమూర్తులు మాస్టారు ముక్కున వేలేసుకునేవారు. నిజమే. ఒక్కసారీ అనలేదు.

ఇలా ఉండగా పైనుంచి కబురొచ్చింది. వివేకవరంలో సైన్సు చదువు బాగాలేదని విన్నాం, ఇన్‌స్పెక్టరు గారొచ్చి చూస్తారు, నచ్చకపోతే తొమ్మిదీ పదీ తరగతులు తీసేసి పిల్లల్ని ఏరవతలి బడికి పంపేస్తాం అని. ఏరవతలికి పోవాలంటే ఉన్నది ఒక్క పడవ, దానికీ అడుగున చిల్లు. వానాకాలం వస్తే మగపిల్లల్నే పంపరు, ఇంక ఆడపిల్లల మాట చెప్పేదేముంది? పుస్తకం మూసి పేడతట్ట చేతికిస్తారు. జైబున్నీసా టీచరుకి ఆ రోజు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడని జిల్లా కేంద్రానికి శిక్షణకి రమ్మన్నారు. సైన్సు ఎలా చెప్పాలో నేర్పడం కోసం, ఉన్న ఒక్క సైన్సు టీచర్నీ సైన్సు చెప్పనివ్వకుండా పట్టుకుపోవడం అన్నమాట. పైవాళ్ళూ మనవాళ్ళకి తీసిపోరు.

"పాపం, శిక్షణట. ఏం తప్పు చేసిందో ఏమో," అన్నారు త్రిమూర్తులు మాస్టారు.

"శిక్షేనండీ. ఆడకూతురు కదాని కాస్త మెత్తగా అన్నారు," అన్నారు సోమయాజులు గారు.

ఆవిడ బస్సెక్కుతూ ఎక్కుతూ హెడ్మాస్టరు గారికి అప్పగింతలు పెట్టింది. "సార్, ల్యాబు మీద ఓ కన్నేసి ఉంచండి. పాఠాలు ఆపకండి. పిల్లల తలకెక్కేలా చెప్పండి. వీలైతే ప్రతిదీ చేసి చూపించండి. ఇన్‌స్పెక్టరు గారొచ్చేలోపు నేనొచ్చేస్తాను."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండమ్మా. చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అన్నారు పరాంకుశం గారు.

చెప్పింది చెప్పినట్టే చేశారు. వచ్చిన చిక్కల్లా అదే.

బస్సు మలుపు తిరిగిందో లేదో నలుగురూ ల్యాబు ముందు చేరారు. "ముందు కన్ను సంగతి చూడాలి. ఎవరి కన్ను వేద్దాం?" అన్నారు పరాంకుశం గారు.

గుంపస్వామి గభాల్న రెండు కళ్ళూ మూసేసుకున్నాడు. "నాకు రెండేనండి బాబూ ఉన్నవి."

త్రిమూర్తులు మాస్టారు వేళ్ళు మడిచి లెక్క తీశారు. "మనందరివీ కలిపితే ఎనిమిది. ఒకటి వేసేస్తే ఏడు. ఏడుని నలుగురికి సమంగా పంచడం కుదరదు. గొడవలొస్తాయి."

అప్పుడు సోమయాజులు గారికి మెరుపులాంటి ఆలోచన తట్టింది. ల్యాబు బీరువాలో పిల్లలకి చూపించడానికి ప్లాస్టరుతో చేసిన కన్నొకటి ఉంది, గుమ్మడికాయంత. అంతే! గుంపస్వామి నిచ్చెన వేసుకుని ల్యాబు పెంకుల మీదికెక్కి, కన్నుని నడికప్పున కూర్చోబెట్టాడు.

"ఎటు చూస్తోందిరా?"

"ఆకాశంకేసండి."

"ఏడిసినట్టుంది. ఆకాశాన్ని చూడమనలేదు ఆవిడ. ల్యాబుని చూడాలి. తిప్పు."

"తిప్పానండి. పెంకులడ్డం వచ్చి లోపలికి కనబడ్డంలేదు దానికి."

"అయితే పెంకులు తియ్యి!"

ఇంకేముంది, గుంపస్వామి పెంకులు తీసి కింద పేర్చాడు. ల్యాబు కప్పుకి మనిషి పట్టేంత కన్నం పడింది. ఆ కన్నం మీద కన్ను. నలుగురూ కిందనుంచి చూసి మురిసిపోయారు.

మర్నాడు పొద్దున్నే కోతులమంద వచ్చింది. ఓ కోతి కన్ను చంకన పెట్టుకుని పోయింది. మిగతావి కన్నంలోంచి లోపలికి దిగి, గాజు సామానంతా ఒక్కొక్కటే కింద పడేసి చప్పుడు విని ఆనందించాయి. మన మాస్టార్లొచ్చి చూసేసరికి ల్యాబులో గాజుపెంకులు తప్ప ఏమీ మిగల్లేదు.

"కన్నేసి ఉంచాక కూడా ఇలా ఎలా జరిగిందండీ?" అన్నారు త్రిమూర్తులు మాస్టారు దిగాలుగా.

"కన్ను చూస్తూనే ఉందయ్యా," అన్నారు పరాంకుశం గారు. "పాపం, మనకి చెబ్దామంటే దానికి నోరు లేదు. నోరు కూడా వెయ్యమని ఆవిడ చెప్పొద్దూ?"

కన్ను పోతే పోయింది, పాఠాలు ఆపకూడదు. పాఠం పిల్లల తలకెక్కాలి. త్రిమూర్తులు మాస్టారు పదో తరగతిలోకి వెళ్ళి సైన్సు పుస్తకాలు బయటికి తియ్యమన్నారు. అందరూ తీశారు. నెత్తిన పెట్టుకోమన్నారు. పిల్లలు మొహాలు చూసుకుని, పెట్టుకున్నారు.

"పాఠం తలకెక్కిందా?"

"ఎక్కింది సార్!"

"ఇంతోటి దానికి ఆవిడ ఏడాదంతా చెప్తుంది," అన్నారు మాస్టారు. ఇంతలో ఓ కుర్రాడు తుమ్మాడు, వాడి పాఠం దభీమని కింద పడింది. "అదిగో! తలకెక్కినా నిలవట్లేదు." అంతే, గుంపస్వామి నారతాడు తెచ్చి ఒక్కొక్కరి పుస్తకాన్నీ నెత్తి మీంచి గడ్డం కిందికి బిగించి కట్టాడు. దవడలు కదలక పిల్లలెవరికీ నోరు పెగల్లేదు. పరాంకుశం గారు కిటికీలోంచి చూసి, "ఆహా, ఏం క్రమశిక్షణ!" అని కళ్ళు తుడుచుకున్నారు.

తీరా చూస్తే పుస్తకాలన్నీ పిల్లల నెత్తిన ఉండిపోయాయి, చదివి చెప్పడానికి మాస్టార్లకి ఒక్కటీ మిగల్లేదు. పరవాలేదనుకున్నారు. అక్కణ్ణుంచి సైన్సంతా సొంత తెలివితోనే చెప్పారు.

ముందుగా సోమయాజులు గారు గురుత్వాకర్షణ ఎత్తుకున్నారు.

"దీనికి సైన్సెందుకర్రా, వ్యాకరణం చాలు. గురుత్వం, ఆకర్షణ. సవర్ణదీర్ఘ సంధి. గురుత్వం అంటే గురువుతనం. గురువుతనం వల్ల పుట్టే ఆకర్షణ గురుత్వాకర్షణ. కాబట్టి లోకంలో ఏ వస్తువైనా సరే, గురువు ఎక్కడుంటే అక్కడికొచ్చి పడుతుంది."

నూకరత్నం అని ఓ ఆడపిల్ల ఉంది ఆ తరగతిలో. జైబున్నీసా టీచరుని తెలీదనిపించేది ఎక్కువగా ఈ పిల్లే. తాడు కాస్త వదులు చేసుకుని, పళ్ళ మధ్యనుంచే అడిగింది. "మాస్టారూ, మరి గురువు లేనిచోట వస్తువులు కింద పడవా?"

"పడవు. ఎటు పడాలో తెలీక అలాగే ఉండిపోతాయి. రండి, చేసి చూపిస్తాను."

బడి ఆవరణలో తాటిచెట్లున్నాయి. గుంపస్వామిని చెట్టెక్కించారు. సోమయాజులు గారు కింద చేతులు కట్టుకుని గురువులా నిలబడ్డారు. "ఒరే, నాకు గురి పెట్టకు. ఊరికే వదులు. అదే నన్ను వెతుక్కుంటూ వస్తుంది!"

మొదటి తాటికాయ దూరంగా పడింది. "దానికింకా నా గురుత్వం సోకలేదు," అని పంతులుగారు కాస్త దగ్గరికి జరిగారు. రెండోది చెవి పక్కనుంచి పోయింది. "వస్తోంది, వస్తోంది!" అని ఇంకాస్త జరిగారు. మూడోది వచ్చింది.

అంతే.

మొహాన నీళ్ళు చల్లితే పంతులుగారు ఓ కన్ను తెరిచి, "రుజువైంది" అని మళ్ళీ మూసేసుకున్నారు. తలకి ఇంత కట్టు కట్టారు. పరాంకుశం గారికి మాత్రం మనసులో మంట. "తెలుగు పంతులికే కాయ పడితే, హెడ్మాస్టర్ని, న్యాయంగా నా మీద గెల పడాలి," అన్నారు. గుంపస్వామి కాళ్ళు వణుకుతున్నాయని చెట్టెక్కనన్నాడు కాబట్టి బతికిపోయారు.

ఆ సాయంత్రం నూకరత్నం, స్నేహితులూ గురువు లేని చోటొకటి వెతుక్కుంటూ ఏటిగట్టుకి పోయారు. రాళ్ళు వదిలి చూశారు. పడ్డాయి. మళ్ళీ వదిలారు. మళ్ళీ పడ్డాయి. చీకటి పడేదాకా దాని గురించే కొట్లాడుకుని ఇళ్ళకి పోయారు.

ఇంక హెడ్మాస్టరు గారి వంతు. తాటికాయ పడని లోటు తీర్చుకోవాలని ఆయన కిరణజన్య సంయోగక్రియ పట్టుకున్నారు. ఆకు పచ్చగా ఉంటుంది, ఎండలో నిలబడుతుంది, తన తిండి తనే తయారు చేసుకుంటుంది. ఇంతవరకు ఆయనకి ఎక్కడో విన్న గుర్తు. "పొయ్యి లేదు, కట్టెలు లేవు, పొగ లేదు! అలాంటప్పుడు మన పైడితల్లి రోజూ వంటింట్లో కళ్ళు నులుముకుంటూ ఏడవడమెందుకు?" అన్నారు.

పైడితల్లి బడిలో మధ్యాహ్నం భోజనం వండే మనిషి. ఆవిడ చూస్తుండగానే గుంపస్వామి వంటగిన్నెలకి ఆకుపచ్చ రంగేసేశాడు.

"బాబూ, రంగేస్తే అన్నం ఉడుకుతాదేటి?" అంది పైడితల్లి నడుం మీద చెయ్యేసి. "మాయింటి తలుపు పచ్చరంగే. ఏనాడూ ఒక్క ముద్ద పెట్టనేదు."

"నీకు సైన్సు తెలీదు, పక్కకి తప్పుకో," అన్నారు పరాంకుశం గారు. గిన్నెల్లో బియ్యం, నీళ్ళు పోసి ఎండలో వరసగా పెట్టించారు. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు నెత్తిన పుస్తకాలు విప్పుకుని, కంచాలు పట్టుకుని కూర్చున్నారు. బియ్యం నానాయి. అంతకు మించి ఏమీ కాలేదు. పిచ్చికలొచ్చి కడుపు నింపుకుపోయాయి.

"లోపం ఎక్కడుందో తెలిసింది," అన్నారు పరాంకుశం గారు చాలాసేపు గెడ్డం గోక్కుని. "మొక్కకి వేరుంటుంది, గిన్నెకి లేదు. పాతిపెట్టండి!"

ఇంకేముంది, గోతులు తవ్వి గిన్నెల్ని సగానికి పాతారు. పాదులు చేశారు. నీళ్ళు పోశారు. త్రిమూర్తులు మాస్టారు కాస్త పేడ ఎరువు కూడా వేశారు. సాయంత్రానికి రంగు కరిగి బియ్యమంతా పచ్చబడింది. "మొలకెత్తుతోంది!" అని గుంపస్వామి గెంతులేశాడు. పైడితల్లి నెత్తి కొట్టుకుంటూ పోయి, ఇంట్లో ఉన్న అటుకులు తెచ్చి పిల్లలకి తలో గుప్పెడు పెట్టింది. నూకరత్నం ఆ అటుకులు నములుతూ, పచ్చ గిన్నె పక్కన మసిపట్టిన నల్లగిన్నె ఒకటి పెట్టి, రెండింట్లోనూ నీళ్ళు పోసి, వేలు ముంచి చూస్తూ కూర్చుంది.

ఇలా సైన్సు మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగుతుండగా, చెప్పిన రోజుకి ముందే ఇన్‌స్పెక్టరు గారు వచ్చేశారు. జైబున్నీసా టీచరు ఇంకా శిక్షలోనే ఉంది.

ఆయన నేరుగా ల్యాబుకెళ్ళి తలుపు తీశారు. పైన ఆకాశం, కింద ఖాళీ. "సామానేదండీ?"

పరాంకుశం గారు తొణకలేదు. "ఉంది సార్. కంటికి కనబడదు."

"అంటే?"

"సూక్ష్మక్రిములు కంటికి కనబడవు. అయినా ఉన్నాయని మీ సైన్సువాళ్ళే అంటారు. మా సామానూ ఆ జాతిదే."

గుంపస్వామి గాలిలోంచి ఏదో రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "జాగర్తండి బాబూ, గాజుది," అని ఇన్‌స్పెక్టరు గారి చేతిలో పెట్టబోయాడు. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. అక్కణ్ణుంచి పదో తరగతికొచ్చారు. నెత్తిన పుస్తకాలు కట్టుకున్న పిల్లలు. గుమ్మం దగ్గర తలకట్టుతో పంతులు. కిటికీలోంచి చూస్తే, పాతిపెట్టిన గిన్నెలకి నీళ్ళు పోస్తున్న లెక్కల మాస్టారు. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"ఛీ ఛీ! ఇదేం బడండీ! ఈ తరగతి వెంటనే మూసెయ్యాలి!" అని అరిచారు.

"చిత్తం," అన్నారు పరాంకుశం గారు.

అంతే! గుంపస్వామి ఓ పక్కనుంచి కిటికీలు మూసేశాడు. ఇటుపక్క సోమయాజులు గారు తలుపు మూసి, బయటనుంచి గొళ్ళెం పెట్టి తాళం వేసేశారు. ఇన్‌స్పెక్టరు గారు లోపలే ఉండిపోయారు.

"తలుపు తియ్యండి!" అని ఆయన లోపల్నుంచి దబదబా బాదారు.

"మీరే కదా సార్ మూసెయ్యమన్నారు? పెద్ద ఉద్యోగంలో ఉన్నవారు, ఓ మాట మీద నిలబడాలి," అన్నారు పరాంకుశం గారు బయటనుంచి. నలుగురూ కాపలాగా అరుగు మీద కూర్చుని, పైఅధికారి ఆజ్ఞ ఇంత చప్పున ఎవరూ అమలు చేసి ఉండరని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

లోపల ఇన్‌స్పెక్టరు గారు అరిచి అరిచి అలిసిపోయారు. చేసేదిలేక కుర్చీలో కూలబడి, "ముందు ఆ తాళ్ళు విప్పండర్రా," అన్నారు. పిల్లలు విప్పుకున్నారు. ఊరికే కూర్చోలేక అడిగారు. "ఆ పంతులుగారి తలకి కట్టేమిటి?"

"తాటికాయ పడింది సార్," అంది నూకరత్నం. "ఆయన గురువు కాబట్టి పడిందన్నారు. కాదు సార్. భూమి లాగింది. మాస్టారు మధ్యలో ఉన్నారు."

ఆయన నిటారుగా కూర్చున్నారు. "నీకెలా తెలుసు?"

"గురువులెవరూ లేనిచోట రాళ్ళు వదిలి చూశాం సార్. అయినా పడ్డాయి. చిన్నదీ పెద్దదీ ఒకేసారి వదిలితే ఒకేసారి పడ్డాయి. కాగితం ముక్క మాత్రం మెల్లిగా పడింది. దాన్ని ఉండ చుట్టి వదిలితే అదీ రాయితోపాటే పడిపోయింది. గాలి అడ్డొస్తోంది కాబోలు సార్."

"మరి ఆ పచ్చగిన్నెల్లో బియ్యం ఎందుకు ఉడకలేదు?"

ఈసారి తరగతంతా చేతులెత్తింది. గిన్నెకున్నది రంగే గానీ పత్రహరితం కాదని ఒకడన్నాడు. ఆకు మాత్రం అన్నం వండుతుందా, గాల్నీ నీళ్ళనీ తీసుకుని కదా పిండిపదార్థం చేసుకునేది అని ఇంకో పిల్ల అంది. ఎండలో నల్లగిన్నెలో నీళ్ళే ఎక్కువ వేడెక్కాయి, ఎందుకో మీకు తెలుసా సార్ అని నూకరత్నం ఎదురడిగింది. ఇన్‌స్పెక్టరు గారు అడిగేవి అడిగారు, చెప్పేవి చెప్పారు. ఓ రెండుసార్లు, "నాకు తెలీదర్రా," అని కూడా అన్నారు. పిల్లలకి ఆయన బాగా నచ్చేశారు.

"ఇదంతా మీకు ఎవరు చెప్పారు?"

"అడగడం జైబున్నీసా టీచరు నేర్పారు సార్," అంది నూకరత్నం. "ఏం అడగాలో ఈ మాస్టార్లు రోజుకొకటి చూపించారు."

ఇంటి గంట కొట్టాక తాళం తీశారు. ఇన్‌స్పెక్టరు గారు నవ్వుకుంటూ బయటికొచ్చారు. "తొమ్మిదీ పదీ ఇక్కడే ఉంటాయి. పిల్లలెవరూ ఏరు దాటక్కర్లేదు," అన్నారు. పైడితల్లి చెంగుతో కళ్ళొత్తుకుంది. ఆయన అంతటితో జీపెక్కేస్తే బాగుండేది. ఒక కాలు లోపల పెట్టి, వెనక్కి తిరిగి, హెడ్మాస్టరు గారి భుజం తట్టారు. "అయినా మీ బడి ఇంకా పైకి రావాలండీ. నేను మళ్ళీ వచ్చేసరికి బాగా పైనుండాలి."

"తప్పకుండా సార్!" అన్నారు పరాంకుశం గారు.

బడి వెనకాల ఓ గుట్ట ఉంది.

మర్నాడు జైబున్నీసా టీచరు బస్సు దిగి, రొప్పుకుంటూ బడికొచ్చింది. బడిలో బల్లల్లేవు. బోర్డుల్లేవు. గంట లేదు. ల్యాబు తలుపు కూడా లేదు. గుట్ట మీంచి "హైలెస్సా" అని కేకలు వినబడి అటు పరుగెత్తింది. గుట్ట నడుమ దాకా ఎక్కి చూస్తే ఏముంది? హెడ్మాస్టరు గారి బల్లకి తాడు కట్టి, పైనుంచి త్రిమూర్తులు మాస్టారు, సోమయాజులు గారు, గుంపస్వామి లాగుతున్నారు. ఆ బల్ల మీద మఠం వేసుకుని పరాంకుశం గారు కూర్చున్నారు.

"రండమ్మా, రండి! మన తరగతులు నిలబడ్డాయి," అన్నారు ఆయన బల్ల మీంచే. "ఇప్పుడు బడిని పైకి తెస్తున్నాం. సామానంతా ఎక్కించేశాం, గోడల సంగతి రేపు చూస్తాం."

"మీరెందుకు సార్ దాని మీద?"

"నేను నడిచెక్కితే నేను పైకొచ్చినట్టవుతుంది గానీ బడి పైకొచ్చినట్టు ఎలా అవుతుందమ్మా?"

ఆవిడ పక్కనున్న బండ మీద చతికిలబడి, గుండె మీద చెయ్యేసుకుంది. "అల్లా! అంత నిటారు వాలు మీద మిమ్మల్నలా చూస్తుంటే నా గుండె జారిపోతోంది సార్!"

పరాంకుశం గారు బల్ల మీద లేచి నిలబడ్డారు. "ఏం చూస్తున్నారయ్యా! టీచరమ్మ గుండె జారిపోతోందట! ఈ వాలులో ఎంతదూరం దొర్లిపోతుందో ఏమో, పరుగెత్తి పట్టుకోండి!"

అంతే! ముగ్గురూ తాడు వదిలేసి, రాళ్ళ సందుల్లో, తుప్పల కింద వెతుకులాట మొదలెట్టారు. "ఏ రంగులో ఉంటాదండీ?" అని గుంపస్వామి అరుస్తున్నాడు. బల్ల మాత్రం పరాంకుశం గారితో సహా బయల్దేరి, తుప్పలు దాటి, కంచె దాటి, గుట్ట కిందనున్న పేడకుప్పలో దిగబడింది.

కాసేపటికి పేడకుప్ప కదిలింది. అందులోంచి పరాంకుశం గారు లేచి, మొహం తుడుచుకుని, కండువా రెండు కొసలూ చాపి పట్టుకుని, పైకి చూస్తూ కేకేశారు.

"కంగారు పడకండమ్మా! కింద నేను కాపు కాస్తున్నాను! ఇటు రానివ్వండి!"